జోజమ్మ కుడిచెయ్యి

మా బడిలో దాదాపు అందరికీ ఏదో ఒక చదువుంది. పెద్ద మేడంకి చిన్నపిల్లల పెంపకంలో డిప్లొమా ఉంది. ఫ్రేము కట్టించి మరీ తన కుర్చీ వెనకాల గోడకి తగిలించుకుంది. పాటల పిల్లకి సంగీతంలో సర్టిఫికెట్ ఉంది. నాకు ఎం.ఏ. ఉంది. దాంతో పద్దెనిమిదేళ్ళుగా మూడేళ్ళ పిల్లల చేత సున్నాలు చుట్టిస్తున్నాను. ఏ కాగితమూ లేనిది ఇద్దరికే, ఒకరు వంటక్క, ఇంకొకరు జోజమ్మ. మిగతా నలుగురిలో ఎవరు రాకపోయినా బడి ఎలాగో నడిచిపోతుంది. జోజమ్మ రాలేదో, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇరవైరెండు మంది పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు.

ఆవిడకి అసలు పేరొకటి ఉంది, హాజరు పట్టీలో. దాన్ని చదివేవాళ్ళు లేరు. జోజమ్మ అన్నది పిల్లలు పెట్టుకున్న పేరు. భోజనాలయ్యాక పిల్లల్ని పడుకోబెట్టడం ఆవిడ పని. ఇరవైయేడేళ్ళుగా అదే పని. వెనకవైపు పొడుగాటి గది, రెండు కిటికీలకి ఆకుపచ్చ తెరలు, కింద వరసగా ఇరవైరెండు చాపలు, మధ్యలో కిర్రుమనే ఒక పొట్టి కుర్చీ. ఆవిడ దాంట్లో కూర్చుని, దగ్గరున్న పిల్లని కుడిచేత్తో జోకొడుతూ ఏదో కూనిరాగం తీస్తుంది. పావుగంటలో గదంతా సద్దుమణిగిపోతుంది. ఎలా పడుకోబెడుతుందో మాకు తెలీదు, దగ్గరుండి ఎప్పుడూ చూడలేదు కూడా. ఎందుకంటే ఆ గంటన్నరే మేం నలుగురం తలుపేసుకుని భోంచేసే టైము. తింటూ పిల్లల తల్లుల గురించి చెడ్డగా మాట్లాడుకుంటాం. అది లేకపోతే సాయంత్రం నాలుగింటికి వాళ్ళ మొహం చూసి నవ్వలేం.

మొదట ఆవిడ చేతిలోంచి గ్లాసు జారింది. తరవాత పాల చెంబు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని మణికట్టుకి బామ్ రాసుకోవడం మొదలుపెట్టింది, ఆ ఘాటుకి మాకు కళ్ళు మండేవి. అడిగితే వయసమ్మా, ఏముంది అనేసేది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ భర్త వచ్చాడు. ఏదో గోడౌన్లో రాత్రి కాపలా ఉద్యోగం ఆయనది. ఆయన పగలంతా నిద్రపోతాడు, ఆవిడ పగలంతా మా పిల్లల్ని నిద్రపుచ్చుతుంది, ఇద్దరూ కలుసుకునేది గుమ్మంలోనే. పాపం, నిద్రమొహంతోనే వచ్చి, డాక్టరు రాసిన కాగితం పెద్ద మేడం బల్ల మీద పెట్టాడు. మణికట్టులో నరం నలిగిపోతోందట. నెలలోపు ఆపరేషన్ చేయించాలి, రెండు నెలలు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. లేకపోతే ఆ చేతికి పట్టు శాశ్వతంగా పోతుందట. డాక్టరు ఇప్పటికి మూడుసార్లు తారీకు ఇస్తే మూడుసార్లూ ఈవిడ వెళ్ళలేదు.

"మీరైనా చెప్పండమ్మా, నా మాట వినదు" అన్నాడు. "నిన్న తాళంచెవి తిప్పడం చేతకాక, నేను లేచేదాకా గుమ్మం బయటే కూర్చుంది."

జోజమ్మని పిలిచి అడిగితే తల వంచుకుని ఒకటే మాట. నేను లేకపోతే పిల్లలు పడుకోరు. చెయ్యి పోతుందే తల్లీ అని వంటక్క నెత్తీ నోరూ కొట్టుకున్నా అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ లేకపోతే ఊళ్ళో ఎవరికీ నిద్రే రానట్టు ఏమిటీ పంతం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడం, జట్టుగా పనిచేయడం ఎలా అన్న విషయం మీద రెండురోజుల శిక్షణకి వెళ్ళొచ్చింది. మెడలో ఒక బిళ్ళ, చేతిలో నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. ఎలాంటి పనైనా సరే, ముక్కలు చేసి పంచుకుంటే ఎవరైనా చెయ్యొచ్చని అక్కడ చెప్పారట. కాబట్టి జోజమ్మని ముక్కలు చేద్దాం అంది. బోర్డు మీద పైన జోజమ్మ అని రాసి, కింద బాణాలు గీసింది. ఆ బాణాలు చూసి జోజమ్మ కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది.

వారంరోజులు మేం వంతులవారీగా వెనకగదిలో కూర్చుని, ఆవిడ ఏం చేస్తుందో నోటుపుస్తకాల్లో రాసుకున్నాం. ఆ వారంలో పిల్లలు పడుకోవడానికి ముప్పావుగంట పట్టింది. జోజమ్మ కర్రలా బిగుసుకుని కూర్చుంది, రెప్ప కూడా వెయ్యలేదు. కొత్తవాళ్ళుంటే పిల్లలకి ఇబ్బంది, అంతేలే అని మేడం కొట్టిపారేసింది. మేమూ సరేననుకున్నాం. ఎం.ఏ. చదివిన బుర్ర నాది, అదీ సరేననుకుంది.

మొత్తానికి తేలిందేమిటంటే, జోకొట్టడం రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ. కూనిరాగానికి మాటల్లేవు, మూడో వరస దగ్గర దారి తప్పి మళ్ళీ మొదటికొస్తుంది. బామ్ వాసన సరేసరి. ఎవరైనా కదిలితే "ఊఁ, కళ్ళు" అంటుంది, అంతకుమించి ఒక్క మాట ఉండదు. మధ్యమధ్య ఒక పొడి దగ్గు. రెండు చిన్నవి దగ్గి మూడోది మింగేస్తుంది. జోకొట్టడం వంటక్కకి ఇచ్చారు, రోజూ పిండి పిసికే చెయ్యి కదా అని. రాగం పాటల పిల్లకి. వాసనా, "ఊఁ, కళ్ళు"నూ మేడం తనే తీసుకుంది, అధికారం ఉన్న మాట కాబట్టి.

నాకు దగ్గు ఇచ్చారు.

పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఎం.ఏ., ఇద్దరు పిల్లల తల్లిని, నాకు దగ్గు. మొహం మాడ్చుకునే ఒప్పుకున్నాను. ఇంట్లో సాధన చేస్తుంటే మూడోరోజు మా ఆయన దగ్గుమందు తెచ్చి బల్ల మీద పెట్టాడు. విషయం చెబితే ఇంకా భయపడ్డాడు.

ఇంత జరిగాక జోజమ్మకి కాదనడానికి ఏమీ మిగల్లేదు. శుక్రవారం సాయంత్రం సంచీ భుజాన వేసుకుని, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి నన్ను పక్కకి పిలిచింది.

"టీచరమ్మా, పిల్లలు నా గురించి ఏమన్నా చెబితే పట్టించుకోకండి" అంది. "చిన్నపిల్లలు, నోటికొచ్చింది అంటారు."

వీళ్ళేం చెబుతారు, మీరు ముందు చెయ్యి చూసుకోండి అని పంపేశాను.

సోమవారం ఒంటిగంటన్నరకి నలుగురం కలిసి ఒక్క జోజమ్మగా వెనకగదిలో దిగాం. వంటక్క మొదటి దెబ్బ వేసింది. ఆ పిల్లాడు లేచి కూర్చుని, నేనేం తప్పు చేశాను అని అడిగాడు. పాటల పిల్ల కూనిరాగం తీసింది గానీ, సర్టిఫికెట్ ఉన్న గొంతు కదా, మూడో వరస దగ్గర దారి తప్పడం దానివల్ల కాలేదు. ఎంత బాగా పాడిందంటే పిల్లలు చప్పట్లు కొట్టి మళ్ళీ పాడమన్నారు. మేడం మోచేతుల దాకా బామ్ పూసుకొచ్చింది, ముందు వరస పిల్లలకి కళ్ళమ్మట ధారలు కట్టాయి. ఇక నా వంతు. దగ్గాను. తలుపు దగ్గరున్నవాడు ఆటనుకుని దగ్గాడు. వాణ్ణి చూసి పక్కది, దాన్ని చూసి మిగతా గదంతా. మూడింటి దాకా ఇరవైరెండు మందీ రెండు చిన్నవి దగ్గి మూడోది మింగుతూనే ఉన్నారు. మర్నాడు పొద్దున తల్లుల ఫోన్లు, మీ బడిలో ఏదో దగ్గు తిరుగుతోందట కదా అని.

మంగళవారం మేడం నిమిషాల పట్టిక తయారుచేసింది. ఒకటీ ముప్పయ్యారుకి రాగం, ముప్పయ్యెనిమిదికి దగ్గు. ఆ రోజు ఇంకా అధ్వాన్నం. పిల్లలు సాయంత్రాలు తూలుతూ ఒకళ్ళనొకళ్ళు కొరకడం మొదలుపెట్టారు, మాకు మధ్యాహ్నం తిండి లేదు. బుధవారం నాటికి మేం ఆ గదిలోనే గుసగుసగా పోట్లాడుకున్నాం. నీ దగ్గు వల్లే అని వంటక్క, నీ చెయ్యి రోకలిబండలా ఉందని నేను, పట్టిక ప్రకారం ఎవరూ నడవట్లేదని మేడం. పాటల పిల్ల గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంది. పిల్లలు చాపల మీద బాసింపట్లు వేసుకుని మమ్మల్నే చూస్తున్నారు.

అప్పుడు లేచింది గుండు. నాలుగేళ్ళది. పేలు పడ్డాయని వాళ్ళమ్మ జుట్టంతా తీయించేసింది, అప్పట్నించి దాని పేరు అదే. చేతులు నడుం మీద పెట్టుకుని మా ముందు నిలబడింది.

"మీరు పడుకోవట్లేదు కదా" అంది. "మీరు పడుకోకుండా మేమెలా పడుకుంటాం? జోజమ్మనైతే రోజూ మేమే పడుకోబెడతాం. మీరు నలుగురున్నారు. మాకు కష్టం."

కూర్చోబెట్టి అడిగితే బయటపడింది. జోజమ్మ జోకొడుతూ జోకొడుతూ మెల్లిగా కునుకు తీస్తుందట. ఆ చెయ్యి ఆగగానే వీళ్ళ పని మొదలు. ముందు వరస వాళ్ళు కదలకూడదు, కదిలితే కుర్చీకి తగిలి అది కిర్రుమంటుంది. మధ్య వరస వాళ్ళు మెల్లగా ఊపిరి తీసుకోవాలి. తలుపు దగ్గరున్నవాడు చెప్పుల చప్పుడు వినాలి, మేం వస్తుంటే పక్కవాణ్ణి గిల్లుతాడు, ఆఖరివాడు జోజమ్మ కాలి బొటనవేలు ముట్టుకుంటాడు. అందరూ పడుకున్నారో లేదో చూసి, చివర్న పడుకునేది గుండు. పెద్ద పిల్లలు బడి మారి వెళ్ళిపోయేటప్పుడు, ఈ పనులు చిన్నవాళ్ళకి నేర్పి మరీ వెళ్తున్నారట. మా బడిలో జట్టుగా పనిచేసేవాళ్ళు ఎవరన్నా ఉంటే వీళ్ళే. శిక్షణ లేదు, బిళ్ళ లేదు.

ఇప్పుడేం చెయ్యమంటావే అని గుండునే అడిగాను. పడుకోండి అంది. పనివేళల్లో సిబ్బంది నిద్రపోవడం నిబంధనలకి విరుద్ధమని మేడం ఆ నాలుగేళ్ళ పిల్లకి ఓపిగ్గా వివరించింది. గుండు అంతా విని, చాప చూపించింది. మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టి పడుకుంది. ఆవిడే పడుకున్నాక మాకేం? గుండు వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. రెండు తేలికవి, ఒకటి బరువుది. నన్నెవరైనా జోకొట్టి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోబోయాను. మా అమ్మ పోయి పదకొండేళ్ళు. ఏడుపొచ్చేదే, కానీ అంతకంటే ముందు నిద్రొచ్చేసింది.

సంవత్సరం పొడుగునా రాని ఆఫీసు తనిఖీ ఆయన ఆ రోజే రావాలా! నేను కళ్ళు తెరిచేసరికి మూడున్నర. నాకూ వంటక్కకీ మధ్య చాప మీద ఎవరో మగమనిషి, గోధుమరంగు మేజోళ్ళు, పొట్ట మీద ఫైలు, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పిల్లలంతా అప్పటికే లేచి, చుట్టూ కూర్చుని, నోటి మీద వేలు పెట్టుకుని మమ్మల్ని కాపలా కాస్తున్నారు. ఆయన గుమ్మంలోకి రాగానే తలుపు దగ్గరివాడు ష్ అన్నాడట. గుండు ఆయన చెయ్యి పట్టుకుని బూట్లు విప్పించి చాప చూపించిందట. ఆయనకీ ఎదురుచెప్పడం చేతకాలేదన్నమాట.

మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన లేచి, మంచినీళ్ళు తాగి, బూటు లేసులు కట్టుకుని, నిలబడే నివేదిక రాశాడు. విశ్రాంతి వేళ సంతృప్తికరం. ఈ విధానాన్ని లిఖితపూర్వకంగా ఆఫీసుకి పంపాలి, బాధ్యురాలి పేరు తెలపాలి. గేటు దగ్గర ఆగి, వచ్చే బుధవారం మళ్ళీ తనిఖీకి రావచ్చా అని చిన్న గొంతుతో అడిగి వెళ్ళాడు.

ఇదంతా చెప్పి నవ్విద్దామని ఆదివారం నేను జోజమ్మ ఇంటికి వెళ్ళాను. ఆపరేషన్ అయిపోయింది. కుడిచేతికి కట్టు, మెడకి వేలాడేసిన గుడ్డ. లోపలిగదిలో భర్త నిద్రపోతున్నాడు. నేను చెబుతుంటే ఆవిడ నవ్వలేదు సరికదా, మొహం పాలిపోయింది.

"తెలిసిపోయిందన్నమాట" అంది. "చేరిన ఏడాదే మొదలైందమ్మా. ఇంట్లో ముగ్గురు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, నాలుగింటికే లేచేదాన్ని. అక్కడ కూర్చుంటే కళ్ళు మూతలు పడిపోయేవి. ఉలిక్కిపడి లేచి చూస్తే పిల్లలంతా పడుకుని ఉన్నారు. మర్నాడూ అంతే. ఈ ఇరవైయేడేళ్ళలో నేను వాళ్ళని పడుకోబెట్టింది ఒక్కరోజు లేదు. నా చోట ఇంకొకరు కూర్చుంటే పిల్లలు చెప్పేస్తారు. పనిలో నిద్రపోయిందని ఈ వయసులో గెంటేస్తే ఏ మొహం పెట్టుకుని బతకను? చెయ్యి పోతే పోయింది, ఈ మాట బయటికి రాకూడదనుకున్నాను."

నాకు కోపం ఆగలేదు. బుద్ధుందా మీకు, కునుకు కోసం చెయ్యి వదులుకుంటారా అని పెద్దావిడని కూడా చూడకుండా తిట్టాను. తిట్టింది ఆవిడని గానీ కోపం నామీదే. పద్దెనిమిదేళ్ళు పక్కగదిలో తలుపేసుకుని పచ్చళ్ళూ పరాచికాలూ నంజుకుంటూ తిన్నాను, ఒక్కనాడు ఆ తలుపు తీసి, మీరు భోంచేశారా అని అడగలేదు. ఆ మాట కూడా చెప్పేశాను. ఆవిడ ఎడమచేత్తో నా మోకాలి మీద తట్టి, టీ పెడతానని లేవబోయింది. కూర్చోబెట్టి నేనే పెట్టాను.

రెండు నెలలకి జోజమ్మ తిరిగొచ్చింది. ఈలోపు పెద్ద మేడం పదకొండు పేజీల విధానం రాసి ఆఫీసుకి పంపింది, అది ముద్ర వేయించుకుని వచ్చింది. దాని ప్రకారం రోజూ ఒకటీ నలభైకి సిబ్బందిలో ఒకరు నిద్రపోవాలి. బాధ్యురాలు జోజమ్మ. ఆవిడ మెడలో ఒక బిళ్ళ కూడా వేశారు, నిద్ర బాధ్యురాలు అని. ఆవిడ దాన్ని మాటిమాటికీ తడుముకుంది, ఉద్యోగం పోలేదన్న సంతోషం మొహంలో దాగలేదు.

చెయ్యి మాత్రం రాలేదు. కుట్లు మానాయి, తిమ్మిరి పోయింది, పట్టు లేదు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. ఆవిడ అరచేతిలో పెట్టుకుంటే అది అలా ఉండి ఉండి దొర్లిపోయేది. ఆలస్యంగా తీసుకొచ్చారు, వస్తే ఈ పదిహేను రోజుల్లో రావాలి, రాకపోతే ఇక లేదు అన్నాడట. అప్పటికే పది రోజులు గడిచిపోయాయి.

చిత్రమేమిటంటే, నిద్ర ఉద్యోగమయ్యాక ఆవిడకి నిద్ర రాలేదు. మెడలో బిళ్ళ, చేతిలో ఆ పదకొండు పేజీలు, కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకునేది. గుండు వెళ్ళి ఒక రెప్ప ఎత్తి చూసి, దొంగనిద్ర అని మిగతావాళ్ళకి చెప్పేది. పిల్లలు వాళ్ళకి చేతనైనదంతా చేశారు, ఊపిరి బిగపట్టి ఒకడికి ఎక్కిళ్ళు కూడా వచ్చాయి. ఒకరోజు కాదు, రెండు కాదు, నాలుగు రోజులు. ఇంట్లోనూ కంటిమీద కునుకు లేదని చెప్పింది. మా మేడం నిద్ర రావడానికి ఒక సమావేశం పెడదాం అంది.

ఐదోరోజు నాకు తిక్కరేగింది. లోపలికి వెళ్ళి, జోజమ్మ మెడలోంచి బిళ్ళ తీసి బొమ్మల పెట్టెలో పడేశాను. ఆ పదకొండు పేజీలూ కిటికీ గట్టు మీద పెట్టి, ఇవాళ మనం పడుకోబెడదాం, రండి అన్నాను. జోజమ్మ సిగ్గుతో చితికిపోయింది, వద్దు టీచరమ్మా, నలుగురిలో ఏమిటిది అంటూనే ఉంది. పిల్లల మధ్య చాప పరిచి పడుకోబెట్టాం. వంటక్క పిండి పిసికే అలవాటు మర్చిపోయి మెత్తగా చెయ్యి వేసింది, రెండు తేలికవి, ఒక బరువుది. పాటల పిల్ల రాగమెత్తుకుని మూడో వరస దగ్గర చక్కగా దారి తప్పింది. మేడం మణికట్టుకి ఒక్క చుక్క బామ్ రాసుకొచ్చి తలవైపు కూర్చుంది. నేను పక్కన చేరి, ఆవిడ కుడిచేతి మీద నా కుడిచెయ్యి వేసి, వంతు రాగానే దగ్గాను.

జోజమ్మ కళ్ళు తెరిచింది. "నేనిలా దగ్గుతానా?" అంది.

"ఊఁ, కళ్ళు" అన్నాను. అది మేడం వంతు, అయినా అనేశాను.

మొదట ఆవిడ నుదురు వదులైంది, తరవాత దవడ. ముందు వరస కదలడం మానేసింది. మధ్య వరస ఊపిరి నెమ్మదించింది. తలుపు దగ్గరివాడు ఒక చెవి బయటికి పెట్టి పడుకున్నాడు. గుండు ఒక్కొక్కళ్ళ మొహం మీదికీ వంగి చూస్తూ వచ్చి, జోజమ్మ రెప్ప ఎత్తి చూసి, నాకేసి తలూపి, వెళ్ళి తన చాప మీద ముడుచుకుంది. మిగతావాళ్ళు ముగ్గురూ మునివేళ్ళ మీద భోజనాలకి వెళ్ళారు. నేనూ లేద్దామని చెయ్యి తీసుకోబోయాను.

రాలేదు. నా రెండు వేళ్ళు జోజమ్మ కుడిచేతిలో ఉన్నాయి. లాగాను. ఇంకా బిగించింది. తాళంచెవి తిప్పలేని చెయ్యి, బంతి నిలవని చెయ్యి, నా వేళ్ళ కొసలు తెల్లబడేలా పట్టుకుని ఉంది. ఆవిడకి తెలీదు, ఆవిడ గుర్రు పెడుతోంది.

వంటక్క గుమ్మంలోకి వచ్చి అన్నం చల్లారిపోతోందని సైగ చేసింది. నేను నా చెయ్యి చూపించాను. ఆవిడ అక్కడే నిలబడి చూసి చూసి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, నా కంచం అక్కడికే తెచ్చిపెట్టింది. ఎడమచేత్తో తినడం నాకు అలవాటు లేదు. రెండు ముద్దలు కింద పోసుకున్నాను, మధ్యలో నా వంతు దగ్గు దగ్గాను. మూడింటి దాకా ఆ చెయ్యి నన్ను వదల్లేదు.